ఎనిమిది గంటలు – ఏ గడియారము ప్రకారము?



మన ఊరి పేరులోనే సత్రమున్నది. బాటసారులకు అన్నము పెట్టుచోట వేళకు గంట మ్రోగవలెను గదా! గడియారములు రాని కాలమున వేళ తెలియుటకు ఘటికా యంత్రము నుపయోగించెడివారు. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటిపై విడిచెడివారు. నీరు నిండి గిన్నె మునుగుటకు పట్టు కాలము ఒక ఘడియ, అనగా 24 నిమిషములు. గిన్నె మునిగినంతనే కావలివాడు గంట కొట్టి, దానిని వంచి, మరల నీటిపై నుంచును. గడియారమను మాటకు మూలము ఆ ఘడియయే. అయితే ఆ యంత్రము కాలమును మాత్రమే కొలిచెడిది. గంట కొట్టుటకు నిద్ర మానిన మనుష్యుడొకడు కావలసియుండెను. నేటి కంప్యూటరులో ఆ కావలివాడు కూడ యంత్రమే. అతనిని నమ్మి నేను పడిన పాటును, దానివలన నేర్చిన లెక్కను ఇక్కడ వ్రాయుచున్నాను.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్స్ వ్యవస్థకు 1979లో ఏడవ కూర్పు వెలువడినది. అందులో 'క్రాన్' అను చిన్న ప్రోగ్రాము కలదు. దాని వంశమువారు నేటికిని లోకమందలి అసంఖ్యాకములైన కంప్యూటర్లలో కొలువు చేయుచున్నారు. కంప్యూటరు నడుచునంతసేపు అది నిమిషమున కొకసారి మేల్కొని, తనకిచ్చిన పట్టికను చూచి, ఆ నిమిషమునకు పని యున్నచో చేయించి, మరల నిద్రించును. పట్టికలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పంక్తి. పంక్తి మొదట ఐదు గడులు: నిమిషము, గంట, తేది, నెల, వారము. వారములలో ఆదివారమునకు 0, సోమవారమునకు 1, ఇట్లు శనివారమునకు 6. చుక్క గుర్తున్న గడిలో ఏదైనను సరే యని యర్థము. కనుక

0 8 * * 1-5

అని వ్రాసినచో, సోమవారము మొదలు శుక్రవారము వరకు ఉదయము 8 గంటలకు పని జరుగవలెను.

సరిగా ఈ పంక్తినే నేను వ్రాసితిని. తల్లిదండ్రుల ఫోనులకు ప్రతి ఉదయము నేను చేతితో పంపుచున్న సందేశములను యంత్రమునకు అప్పగించి, నిశ్చింతగా నుంటిని. మొదటి దినమున పంపవలసిన సందేశము ఇది: "విద్యార్థి వేతనపు దరఖాస్తుపై సంతకము చేసి నేటి మధ్యాహ్నము లోపల పంపగలరు." నేను పాఠములో మునిగి, అది వెళ్లినదో లేదో చూడలేదు. సందేశము మధ్యాహ్నము ఒకటిన్నరకు వెళ్లినది! సాయంకాలము ఒక తల్లి చెరకు తోట నుండి తిన్నగా వచ్చి, మడిచిన కాగితము నా చేతికిచ్చి, "అయ్యోరా, పొద్దున్నే చెప్పింటే నేను కూలికి పోకుండా ఉండేదాన్ని గదా!" అన్నది. అప్పటికే దరఖాస్తుల కట్ట వెళ్లిపోయినది. మరునాడు నేనే ఆ కాగితమును పట్టుకొని పోయి, బ్రతిమాలి, ఇచ్చి వచ్చితిని. తప్పు యంత్రముది కాదు. అది చెప్పిన గంటకే పని చేసినది. ఏ గడియారము ప్రకారమో నేను చెప్పలేదు.

మేము అద్దెకు తీసుకొన్న కంప్యూటరు ఎక్కడనో దూరమున నున్నది. అట్టివానిలో అనేకములు లోకమునకు ఉమ్మడియైన యూటీసీ కాలమును పాటించును. మన భారత కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. అక్కడ ఎనిమిదియైనపుడు మనకు ఒకటిన్నర.

ఈ చిక్కు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1856లో రాయపురము నుండి మన తిరువళ్లూరు మీదుగా వాలాజా వరకు రైలు నడచినది. ఒక్కొక్క ఊరు తన సూర్యుని బట్టి తన మధ్యాహ్నమును లెక్కించుకొనినచో రైలునకు వేళ ఏర్పరచుట యెట్లు? 1792లో నిర్మించిన మద్రాసు నక్షత్రశాల యొక్క కాలమే క్రమముగా దేశపు రైళ్లకు కాలమైనది. అది గ్రీనిచ్చి కాలమునకు 5 గంటల 21 నిమిషములు ముందు. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖను బట్టి నేటి భారత కాలము వచ్చినది. ఆ రేఖకు మనము పడమరగా నున్నందున, మన సత్రము మీద సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున గడియారపు పన్నెండుకు సుమారు 11 నిమిషముల తరువాతనే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమునకు మారినను, గడియారపు ముల్లు మాత్రము కదలవలసిన పని లేకపోయెను!

ఇక సవరణ. మనకు ఉదయము 8 కావలెనన్న, అయిదున్నర గంటలు తీసివేయగా 2 గంటల 30 నిమిషములు:

30 2 * * 1-5

వానకాలమున దూరపు పిల్లల కొరకు వేకువ 5 గంటలకే సందేశము పంపవలెనన్న ఇంకొక మెలిక కలదు. ఐదులో అయిదున్నర తీసివేసినచో ముందటి దినము రాత్రి 11 గంటల 30 నిమిషములకు పోవుదుము. మన సోమవారము అక్కడ ఇంకను ఆదివారమే. గంట మార్చి వారము మరచినవాడు సోమవారపు సందేశమును పోగొట్టుకొని, శనివారము వేకువను అందరిని లేపును. కనుక:

30 23 * * 0-4

మరియొక సంగతి. ఆ నిమిషమున కంప్యూటరు ఆగి యున్నచో, క్రాన్ ఆ పనిని తరువాత తలచుకొని చేయదు. అందుచేత తల్లిదండ్రుల జాబితా చివర నా ఫోను సంఖ్యను కూడ చేర్చితిని. 8 గంటల 10 నిమిషములకు నా జేబు మ్రోగనిచో, పూర్వమువలె చేతితోనే పంపెదను.

అభ్యాసము: యూటీసీ పాటించు కంప్యూటరునకు ఈ రెండు పనులకు పంక్తులు వ్రాయుడు. (1) మనకు శనివారము సాయంకాలము 4 గంటల 15 నిమిషములు. (2) మనకు ఆదివారము తెల్లవారుజామున 4 గంటలు. రెండు పంక్తులలోను చివరి గడిలో ఒకే అంకె వచ్చినచో మీ లెక్క సరియే.