ప్రతిదినపు భాగము

చదువవలసిన భాగము: ప్రసంగి 2:1-11, 5:18-20, 11:7, 8

ఢిల్లీలోని ఆర్.కె. పురము స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసములకై వెలసిన పేట. బ్రదుకుతెరువునకై వచ్చిన తెలుగు కుటుంబములును అచ్చటి క్వార్టర్లలో కాపురముండుట కలదు. క్వార్టరు ప్రభుత్వముది, ఉద్యోగ విరమణ చేసినవాడు గడువులోగా తాళపుచెవి అప్పగింపవలెను. ఆ దినము సమీపించినప్పుడు, "ముప్పది సంవత్సరములు ఫైళ్లు త్రిప్పితిని. దేవుడు నన్నే గొప్ప కార్యమునకై పుట్టించెనో నేటికిని తెలియలేదు" అని కుమిలిపోవు విశ్వాసి లేకపోలేదు. అట్టివానితో ప్రసంగి ఏమి చెప్పుచున్నాడు?

1. ఆవిరివంటి జీవితము

మన బైబిలులో "వ్యర్థము" అని యున్నచోట హెబ్రీ మూలమందలి మాట "హెబెల్". ఊపిరి, ఆవిరి అని దాని మొదటి అర్థము. జనవరి ఉదయమున బస్సుకొరకు నిలిచినవాని ఊపిరి తెల్లగా కనబడి అంతలోనే మాయమగును. ఎవడును దానిని గుప్పిట పట్టజాలడు. అయినను ఆ ఊపిరివలననే అతడు బ్రదుకుచున్నాడు గదా!

2. చేజిక్కనిది, చేతికియ్యబడినది

ప్రసంగి ఇండ్లు కట్టించెను, ద్రాక్షతోటలు నాటించెను, కన్నులు కోరినదెల్ల అనుభవించెను. తుదకు చేతులు ఖాళీగానే యుండెను. అయితే ఆ అధ్యాయముననే అన్నపానములయందును కష్టార్జితమందును సుఖించుట మేలనెను (2:24). ఇది విరుద్ధము కాదు. సంతోషమును తానే పట్టుకొనబోయినప్పుడు అది జారిపోయెను. దేవుని చేతినుండి పుచ్చుకొన్నప్పుడు వరమాయెను. ఈ ఉపదేశమును అతడు ఏడు తావులందు చేసెను (2:24, 3:12, 13, 3:22, 5:18-20, 8:15, 9:7-9, 11:7-10). దానికతడు పెట్టిన పేరు "భాగము". కనాను దేశమును పంచుకొనిన సందర్భమున వచ్చు మాటయే యిది (యెహోషువ 18:5-7). భాగమును ఇచ్చువాడు దేవుడు. అందుకొనుట మన పని.

3. ఒక హెచ్చరిక

లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడును తినుము, త్రాగుము అని తన ప్రాణముతో చెప్పుకొనెను. అతడు దాతను మరచెను, పొరుగువానిని తలంపలేదు. ప్రసంగియైతే ఆహారమును పంచిపెట్టుమనెను (11:1, 2). దేవునియందు భయభక్తులు కలిగియుండుమని ముగించెను (12:13).

పొగమంచు విడిన ఆదివారము, ఆరాధననుండి వచ్చిన కుటుంబము క్వార్టరు ముందు ఎండలో కూర్చుండును. తల్లి పచ్చిబఠాణీలు ఒలుచును. పిల్లలు నారింజ తొనలు పంచుకొందురు. పొరుగింటి వృద్ధురాలికొక కుర్చీ వేయబడును. గంటలో ఆ ఎండ గోడమీదికి ప్రాకిపోవును. సూర్యుని చూచుట కన్నులకు ఇంపని ప్రసంగి యెరుగును (11:7). తాళపుచెవి అప్పగించు ఆ ఉద్యోగి ముప్పది శీతకాలముల ఎండను, ఆ వంటయింట వండిన అన్నమును, ఆ గదిలో చేసిన ప్రార్థనలను లెక్కించుకొనిన యెడల, తన జీవితము రిక్తమైనదని చెప్పగలడా?

ఆలోచించుటకు: నేడు దేవుడు మీకిచ్చిన భాగమేది? దానిని ఎవరితో పంచుకొందురు?

ప్రార్థన: తండ్రీ, దూరపు ఘనతకై చూచుచు నేటి అన్నమును కృతజ్ఞత లేక భుజించితిమి, క్షమించుము. నీవిచ్చిన భాగమందు సంతోషించుట మాకు నేర్పుము. ఆమేన్.