గేమ్ మధ్యలో సీపీయూ ఆగిపోతోందా? పార్టు కొనేముందు ఇవి చేసి చూడండి

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌నో, ర్యామ్‌నో, గ్రాఫిక్స్ కార్డునో కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ ఉరికించడం. మన పెద్దవూర ఎండలకీ, నాట్ల టైములో కరెంటుకీ ఆ ఉరుకు ఏడాది పొడుగునా సాగదు. గేమ్ మంచి పట్టులో ఉండగా బ్లూ స్క్రీన్ వస్తుంది, లేకపోతే ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంది. పిల్లలేమో "కొత్త పార్టు కావాలి" అని వెంటపడతారు. పర్సు తీయకుండా ఇంట్లోనే చేసుకునే పనులు చాలా ఉన్నాయి వదినా, నేను చేసి చూసినవే చెప్తున్నా.

1. మొట్టమొదట ఓవర్‌క్లాక్ తీసేయండి. ఆన్ చేస్తూనే డిలీట్ బటన్ కొడుతూ ఉంటే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది, అందులో 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' నొక్కి సేవ్ చేయండి. తర్వాత నాలుగు రోజులు అదే గేమ్ ఆగకుండా నడిచిందా, పార్టులు బాగున్నట్టే, రూపాయి ఖర్చు లేదు.

2. డిఫాల్ట్ నొక్కే ముందు బయోస్ పేజీలన్నిటికీ ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి. మళ్లీ ఆ నంబర్లు కావాలంటే వెతుకులాట ఉండదు, మీవాడితో గొడవా ఉండదు.

3. "నేను ఓవర్‌క్లాక్ చేయలేదమ్మా" అంటే నమ్మండి, కానీ ర్యామ్ దగ్గర ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందేమో చూడండి. కొత్త ఏఎండీ బోర్డుల్లో దాన్నే ఎక్స్‌పో అంటారు, అదీ ఓవర్‌క్లాకే.

4. ఎలా ఆగుతోందో కనిపెడితే సగం పని అయినట్టే. గేమ్ ఒక్కటే మూసుకుని డెస్క్‌టాప్ కనబడితే ముందు గ్రాఫిక్స్ కార్డును, బ్లూ స్క్రీన్ వస్తే ర్యామ్‌నూ ప్రాసెసర్‌నూ, కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోతే ఎస్‌ఎంపీఎస్‌నూ (సీపీయూ లోపలి పవర్ సప్లై) వేడినీ అనుమానించండి.

5. ఆగిన ప్రతిసారీ గోడ మీది క్యాలెండర్ గడిలో పాల లెక్క రాసినట్టు టైము, ఏ గేము, ఏం మార్చారు అని రాయండి. మధ్యాహ్నం రెండింటికే ఆగుతుంటే వేడి అనీ, పొద్దున బోరు మోటార్ల టైముకే ఆగుతుంటే ఓల్టేజీ అనీ ఆ గడులే చెప్తాయి.

6. ఒకసారి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ మొదటికొస్తుంది.

7. క్యాలెండర్ రాయడం కుదరకపోతే స్టార్ట్‌లో 'రిలయబిలిటీ' అని కొట్టండి, వచ్చిన దాన్ని తెరిస్తే ఏ రోజు ఏది ఆగిందో ఎర్ర గుర్తులతో వరుసగా కనబడుతుంది.

8. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని ఉంటే దాన్ని చూపించి ఎవరైనా ఎస్‌ఎంపీఎస్ మార్చమంటే వెంటనే మార్చకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దానర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. అక్కడే 'వీయా లాగర్' అనే పేరు కనిపిస్తే మాత్రం హార్డ్‌వేర్‌లో తప్పు దొర్లినట్టు, ప్రాసెసర్ స్పీడు 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి.

9. సంక్రాంతికి పెట్టిన సెట్టింగు ఏప్రిల్‌లో నిలవదు. రూములో వేడి పదిహేను డిగ్రీలు పెరిగితే లోపల ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది, మే నెలలో మన జిల్లాలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కదా. అందుకే మా ఇంట్లో ఎండాకాలానికో సెట్టింగు, చలికాలానికో సెట్టింగు. బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకుంటే మార్చుకోవడం నిమిషం పని.

10. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, అరగంట గేమ్ ఆడాక ప్రాసెసర్ వేడి చూడండి. ఇంటెల్‌వి చాలావరకు 100 దగ్గర, రైజెన్ 7000 రకాలు 95 దగ్గర తమంతట తామే స్పీడు తగ్గించుకుంటాయి, ఓవర్‌క్లాక్ పెట్టినప్పుడు 85 దాటకుండా చూసుకుంటే నిశ్చింత.

11. సీపీయూని పడమటి గోడకి ఆనించి పెట్టకండి, సాయంత్రం దాకా ఆ గోడ సెగ కక్కుతూనే ఉంటుంది. వెనక జానెడు ఖాళీ వదిలితే వేడిగాలి బయటికి పోతుంది.

12. ఎయిర్ కూలర్ గాలి సీపీయూ మీదికి తిప్పకండి. అది నీళ్ల తడితో వచ్చే గాలి, దుమ్ముతో కలిసి బోర్డు మీద అంటుకుంటే చిలుము పడుతుంది. గదిలో ఫ్యాన్ వేసి, కిటికీ తెరిస్తే సరిపోతుంది.

13. ఫ్యాన్లు సరైన దిక్కుకే తిరుగుతున్నాయో లేదో తెలియాలంటే అగరుబత్తి వెలిగించి ఫ్యాన్‌కి జానెడు దూరంలో పట్టుకోండి. ముందువైపు పొగ లోపలికి పోవాలి, వెనకవైపు పొగ బయటికి తోసుకు రావాలి. రెండు చోట్లా లోపలికే పోతుంటే ఒక ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట, నాలుగు స్క్రూలు విప్పి తిప్పితే అయిపోతుంది.

14. మన దగ్గర వరి కోతల దుమ్మూ, రోడ్డు దుమ్మూ రెండూ ఎక్కువే, మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కనుండే వాళ్లకైతే ఊక పొడి అదనం. నెలకోసారి ప్లగ్ పీకి, వరండాలో పెట్టి బ్లోయర్‌తోనో సైకిల్ పంపుతోనో ఊదండి.

15. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది. తడిబట్ట, చీపురు దగ్గరికి కూడా రానీయకండి.

16. దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీది పేస్ట్ ఎండిపోయిందేమో చూడండి. పాతది మెత్తటి బట్టతో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, దాని మీది కూలర్ స్క్రూలు ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. కొత్త కూలర్ డబ్బులు మిగులుతాయి.

17. నాట్ల టైములో బోరు మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ఓల్టేజీ పడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మీది చీటీ చదవండి, '100-240' అని ఉంటే ఆ తగ్గుదలని అదే చాలావరకు తట్టుకుంటుంది, స్టెబిలైజర్ కొనక్కర్లేదు. '200-240' అని ఉంటే మాత్రం అనుమానం దాని మీదే.

18. యూపీఎస్ ఉందిగా అని ధీమాగా ఉండకండి. 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ గేములో అంతకంటే ఎక్కువే లాగుతుంది, కరెంటు పోగానే యూపీఎస్ చేతులెత్తేస్తే మనం ఓవర్‌క్లాక్‌ని తిట్టుకుంటాం.

19. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపిస్తుంటే వెనక ఉన్న స్విచ్ 'యూపీఎస్' వైపు పెట్టండి. రెండో మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే ఆ క్షణంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

20. సీపీయూ డబ్బా ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందా, ఎర్తింగ్ లేనట్టే. మూడో పిన్ను తీసేసి వాడటం మానేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, ఎండాకాలం ఎర్త్ గుంతలో రోజు విడిచి రోజు బిందెడు నీళ్లు పోయండి.

21. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి సీపీయూ, ఇస్త్రీపెట్టె, కూలర్ పెట్టకండి. గేమింగ్ సిస్టమ్‌కి గోడ సాకెట్ ఒకటి విడిగా ఇవ్వండి.

22. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో అర్హులకి నెలకి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, అది దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. 450 వాట్ల సిస్టమ్ రోజుకి నాలుగు గంటలు నడిస్తే నెలకి 54 యూనిట్లు, 350 వాట్లకి దించితే 42. ఓవర్‌క్లాక్ తీసేస్తే క్రాష్‌తోపాటు ఆ గీత దాటే భయమూ తగ్గుతుంది.

23. ర్యామ్ అనుమానమైతే ప్లగ్ పీకి, ర్యామ్ తీసి బంగారు రంగు గీతల మీద మామూలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా టక్ అనే దాకా నొక్కండి. చాలా బ్లూ స్క్రీన్లు ఇక్కడితోనే పోతాయి.

24. తర్వాత మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాత్రి పెట్టి పడుకోండి. పొద్దునకి ఒక్క తప్పు చూపించినా అది ఫెయిలే, ఎక్స్‌ఎంపీ తీసేసి మళ్లీ పెట్టండి. అప్పుడూ తప్పులే వస్తే ఒక్కో ర్యామ్‌నీ విడిగా పెట్టి చూస్తే చెడ్డది దొరుకుతుంది, రెండూ మార్చే ఖర్చు తప్పుతుంది.

25. ఓవర్‌క్లాక్ ఎక్కువై అసలు డిస్‌ప్లేనే రాకపోతే కంగారు పడకండి. ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేస్తే అన్నీ డిఫాల్ట్‌కి వస్తాయి.

26. గ్రాఫిక్స్ కార్డుకి ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో రీసెట్ కొట్టి, పవర్ లిమిట్ 80 శాతం దగ్గర పెట్టి చూడండి. గేములో తేడా పెద్దగా తెలియదు, వేడి మాత్రం బాగా దిగుతుంది.

27. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే గేమ్‌లో ఎఫ్‌పీఎస్ 60కి కట్టేయండి. కంటికి కనబడని ఫ్రేముల కోసం కార్డు కాలిపోవాల్సిన పని లేదు.

28. ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఓవర్‌క్లాక్ చేయకపోయినా ఎక్కువ ఓల్టేజీ వెళ్లి ప్రాసెసర్ దెబ్బతినే లోపం వాటిలో ఉందని 2024లో కంపెనీయే చెప్పి, ఆగస్టులో సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. కార్డులో మెమరీ బోలెడంత ఉన్నా గేమ్ 'అవుట్ ఆఫ్ వీడియో మెమరీ' అంటుంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయించండి. అప్పటికే దెబ్బతిన్నది అప్‌డేట్‌తో బాగుపడదు, అందుకని బిల్లు వెతికి వారంటీ అడగండి, కొత్తది కొనకండి.

29. బయోస్ అప్‌డేట్ కరెంటు నిలకడగా ఉండే టైములో, యూపీఎస్ మీదే చేయండి. మధ్యలో ఆగితే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. గాలిదుమారం మొదలైన సాయంత్రాలు అసలే వద్దు, అప్పుడు ప్లగ్గూ ఇంటర్నెట్ వైరూ రెండూ పీకేయడమే మంచిది.

30. అన్నీ సర్దుకున్నాక మళ్లీ ఓవర్‌క్లాక్ కావాలంటే వానలు పడి చల్లబడ్డాక, 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుకోమనండి. పది నిమిషాల టెస్టు పాసైతే చాలదు, ఏ గేములో ఆగిందో అదే గేము గంటసేపు ఆడి చూడాలి.

31. డిఫాల్ట్‌లో పెట్టి, దుమ్ము తీసి, గది చల్లగా ఉండగా, తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టి చూసినా ఆగుతోందంటే అప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి బస్సెక్కండి. బిల్లూ, క్యాలెండర్ కాగితమూ వెంట తీసుకెళ్లి, ఏమేం చేసి చూశారో ముందే చెప్పండి, అక్కర్లేని పార్టు మీకెవరూ అంటగట్టలేరు.