పెట్టెలో రాని లారీ

వేసవి సెలవులలో కృష్ణా డెల్టా పల్లెలలో ముంజెలు తినగా మిగిలిన తాటికాయలను పిల్లలు ఊరకే పోనివ్వరు. రెండు కాయల నడుమ ఒక పుల్లను ఇరుసుగా గుచ్చి, చివర పంగ ఉన్న కర్రతో ఆ ఇరుసును నెట్టుకుంటూ వీధివెంట పరుగు తీస్తారు. అది వారి బండి. దానికి తొట్టి లేదు, కాడి లేదు, తోలేవాడు కూర్చునే చోటు లేదు. అయినా బండికి ప్రాణమైన చక్రమూ, ఇరుసూ అందులో ఉన్నాయి. ముఖ్యమైనదాన్ని పట్టుకొని తక్కినదంతా విడిచిపెట్టడం ఈ నిర్మాణంలోని పద్ధతి. ఈ పాఠంలో మనం పరిశీలించబోయే కళ దీనికి ఎదురుదిశలో సాగుతుంది. విడిచిపెట్టినవాటిని ఒక్కొక్కటిగా గుర్తించి, చేతితో తయారుచేసి, తిరిగి చేర్చడం అందులోని పని.

నమూనా లారీలను విడిభాగాలుగా పెట్టెలలో అమ్ముతారు. వీటిని కిట్‌లు అంటారు. ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉన్న భాగాలను కత్తిరించి, ఆకురాయితో నునుపుచేసి, అతికి, రంగు వేసుకోవాలి. అమెరికాకు చెందిన ఏ.ఎం.టి. కంపెనీ కిట్‌లు 1/25 పరిమాణంలోను, ఇటలీకి చెందిన ఇటలేరి కంపెనీ కిట్‌లు 1/24 పరిమాణంలోను ప్రసిద్ధమైనవి. 1/24 అంటే అసలు లారీలో ఒక అడుగు ఉన్నది నమూనాలో అరంగుళం. విజయవాడ నుంచి మచిలీపట్నం వచ్చే జాతీయ రహదారిపై పెద్ద ఇనుపపెట్టెను మోసుకుపోయే ట్రెయిలర్ లారీని మీరు చూసే ఉంటారు. ఆ పెట్టె పొడవు నలభై అడుగులైతే, నమూనాలో అది ఇరవై అంగుళాలు. 1/25 లెక్క మనకు మరింత సులువు. అసలు వస్తువులో ఇరవై అయిదు మిల్లీమీటర్లు నమూనాలో ఒక మిల్లీమీటరు అవుతుంది.

ఈ లెక్కను తిరగవేసి చూస్తే కిట్ లోపం బయటపడుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోని ప్రతి మూలకూ పారాలి, గట్టిపడిన భాగం విరగకుండా అచ్చునుంచి ఊడిరావాలి. కనుక ఏ భాగాన్నీ మరీ పలుచగా పోతపోయడం సాధ్యం కాదు. కిట్‌లోని మడ్‌గార్డు మందం ఒక మిల్లీమీటరు ఉన్నదనుకుందాం. అసలు లారీలో అది ఇరవై అయిదు మిల్లీమీటర్లతో సమానం. అంగుళం మందాన ఇనుప మడ్‌గార్డు ఏ లారీకి ఉంటుంది? అట్లే బోలుగా ఉండవలసిన పొగగొట్టం కిట్‌లో గట్టి కడ్డీగా వస్తుంది. తలుపు పిడి తలుపుకే అంటుకొని ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. గాలిగొట్టాలు, విద్యుత్తీగలు చాలా కిట్‌లలో అసలే ఉండవు. వీటిని మనమే చేసుకోవాలి.

ఇందుకు కావలసిన సామగ్రి ఖరీదైనది కాదు. అరమిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందంగల స్టైరీన్ ప్లాస్టిక్ పలకలు, పాత విద్యుత్తీగలోని రాగి పోగులు, కుట్టుదారం, మాత్రల అట్టల వెనుక ఉండే అల్యూమినియం రేకు, అగ్గిపుల్లలు, ఒక పట్టకారు, పదునైన చిన్న కత్తి ఉంటే పని మొదలవుతుంది. మందం కుదిరిన తీగ దొరకడమే కొంత కష్టం. కంసాలులు కమ్మచ్చులోని పెద్ద రంధ్రంనుంచి చిన్న రంధ్రానికి వరుసగా లాగుతూ తీగను సన్నబరుస్తారు. గిల్టు నగలకు పేరుపొందిన చిలకలపూడి బందరు పక్కనే ఉంది. అక్కడి నగలలో వెంట్రుకవంటి తీగను వంచి, అతికి, పువ్వుగా మలచిన పనిని దగ్గరగా చూసినవారికి నమూనా లారీకి అద్దపు కమ్మీ చేయడం అసాధ్యమని అనిపించదు.

అయితే చేతినైపుణ్యానికి ముందు కావలసినది వస్తువు పనితీరు తెలియడం. ట్రెయిలర్ లారీలో ముందుభాగం వేరు, సరకు మోసే వెనుకభాగం వేరు. ముందుభాగంలో ఇంజనూ, క్యాబినూ ఉంటాయి. వెనుకభాగానికి ముందు చక్రాలు ఉండవు. అది తన బరువులో కొంత భాగాన్ని ముందుబండి వీపుమీద ఉన్న ఒక ఇనుపపళ్ళెంపై మోపుతుంది. ఈ పళ్ళెం పేరు ‘ఐదో చక్రం’. చూపునకు చక్రంలా లేని వస్తువుకు ఈ పేరేమిటని సందేహం కలగవచ్చు. నాలుగు చక్రాల గుర్రపుబండ్లలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దానిపై ఒక వలయాన్ని అడ్డంగా అమర్చేవారు. ఆ వలయాన్ని ఐదో చక్రమన్నారు. గుర్రాలు పోయినా పేరు నిలిచింది. నేటి పళ్ళెంలో వెనుకవైపు తెరచుకొన్న గాడి ఉంటుంది. ట్రెయిలర్ అడుగున ఉన్న రెండంగుళాల లావు ఇనుప ముడుసు ఆ గాడిలోకి జారి బిగుసుకుంటుంది. 1/25 నమూనాలో ఆ ముడుసు లావు రెండు మిల్లీమీటర్లు. ఇనుము ఇనుముపై రాపాడే చోటు కనుక పళ్ళెం నిండా నల్లని గ్రీజు పట్టి ఉంటుంది. కిట్‌తో వచ్చిన పళ్ళేనికి శుభ్రంగా వెండిరంగు వేసి వదిలినవారు లారీని బొమ్మలో చూశారే కాని రోడ్డుమీద చూడలేదని చెప్పవచ్చు.

ముందుబండికీ, ట్రెయిలర్‌కూ నడుమ వేలాడే గొట్టాలను ఇక గమనించాలి. మలుపులలో సాగి తిరిగి ముడుచుకోవడానికి వీలుగా వాటిని స్ప్రింగులా చుట్టి ఉంచుతారు. ఎర్రగొట్టం ట్రెయిలర్‌లోని గాలితొట్టెను ఎల్లప్పుడూ నింపుతూ ఉంటుంది. యూరప్‌లో పసుపురంగులోను, అమెరికాలో నీలిరంగులోను ఉండే రెండవ గొట్టం డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు ఆ సంగతిని వెనుక చక్రాలకు చేరవేస్తుంది. దారిలో ట్రెయిలర్ ఊడిపోయిందనుకోండి, ఎర్రగొట్టం తెగి గాలి పోతుంది. గాలి పోయిన వెంటనే ట్రెయిలర్ బ్రేకులు వాటంతట అవే పట్టుకుంటాయి. ఒక ప్రమాదాన్ని ఆపడానికి చేసిన ఏర్పాటు ఇది. నమూనాలో ఈ గొట్టాన్ని చేయాలంటే సన్నని రాగితీగను సూదిచుట్టూ దగ్గరగా చుట్టి, సూదిని లాగివేసి, తీగకు ఎర్రరంగు వేస్తే చాలు. పది నిమిషాల పని. కాని ఆ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనివారు దాన్ని అలంకారంగా ఏదో ఒక మూలకు అంటించి ఊరుకుంటారు.

కమాను పట్టీల విషయం కూడా ఇటువంటిదే. లారీ వెనుక ఇరుసుపై ఒకదానికంటె ఒకటి పొట్టిగా పేర్చిన ఉక్కుపట్టీల కట్ట ఉంటుంది. నమూనాలో అరమిల్లీమీటరు పలకను సన్నని పట్టీలుగా కోసి ఈ కట్టను చేయవచ్చు. కోసేముందు లారీ ఖాళీదా, సరకు నిండినదా అని నిర్ణయించుకోవాలి. ఖాళీ లారీలో కమాను విల్లులా వంగి ఉంటుంది. గుడివాడ ప్రాంతపు మిల్లునుంచి ధాన్యం బస్తాలు నింపుకొని బయలుదేరిన లారీలో అదే కమాను చదునై, టైర్ల అడుగుభాగం కొద్దిగా ఉబ్బుతుంది. బరువు కనపడే చోటు అదే. డెబ్బయి అయిదు కిలోల బస్తాలు పది టన్నులకు నూట ముప్పై మూడు పడతాయి. నమూనాలో అన్ని బస్తాలు చేయనక్కరలేదు. మధ్యలో థర్మోకోల్ ముక్క పెట్టి, బయటికి కనిపించే వరుసలను మాత్రమే మట్టితో చేసి పేర్చవచ్చు. దీన్ని మోసమనేవారు ఉన్నారు. కంటికి కనబడని బస్తా కోసం ఒక ఆదివారం ఖర్చుచేయడంకంటె, పైన కట్టిన మోకు ఏ కొక్కేనికి ఎట్లా బిగిసిందో చూసిరావడానికి ఆ సమయం వినియోగించడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. కిట్‌లలో దొరికేవి చాలావరకు అమెరికా, యూరప్ లారీలు. పొడుగాటి ముక్కుతో, మెరిసే పొగగొట్టాలతో ఉండే ఆ వాహనాలు మన రోడ్లకు చుట్టాలు కావు. మన లారీ పుట్టుకే వేరు. జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ డైమ్లర్ బెంజ్ సంస్థతో కలిసి 1954లో లారీల తయారీ ప్రారంభించారు. చాలా కాలంపాటు కంపెనీలు మనకు అమ్మినది ఇంజనూ, చట్రమూ, చక్రాలూ, ముందువైపు రేకు మాత్రమే. క్యాబినునూ, తొట్టినీ కట్టినవారు స్థానిక వడ్రంగులు, కమ్మరులు, రంగుపనివారు. విజయవాడ ఆటోనగర్‌లో 1960ల నుంచి ఈ పని పెద్ద ఎత్తున సాగింది. కొయ్య చట్రం నిలిపి, దానిపై ఇనుపరేకు తాపి, లోపల డ్రైవరు వెనుక పడుకోవడానికి బల్ల అమర్చి, దేవుని పటానికి గూడు కట్టేవారు. ఒకే కంపెనీ చట్రంపై కట్టినా, ఒక మేస్త్రీ చేతిలో రూపొందిన క్యాబిను మరొకరి చేతి క్యాబినులా ఉండేది కాదు.

ఈ పని రోజులు తగ్గిపోతున్నాయి. భద్రతా ప్రమాణాలు పెరిగి, కర్మాగారంనుంచే పూర్తి ఉక్కు క్యాబినుతో లారీలు రావడం ఎక్కువైంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరకు లారీల క్యాబిన్లలో శీతల సదుపాయం ఉండాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. వేసవి ఎండలో వందల మైళ్ళు నడిపే డ్రైవరుకు ఇది ఎంతో మేలు చేసే మార్పు. పాత క్యాబినుకోసం దీన్ని వద్దనడం అన్యాయం. కాని కొయ్య క్యాబినుకు కంపెనీ గీసిన పటాలు లేవు. కొలతలు మేస్త్రీల చేతులలోనే ఉన్నాయి. పాతబడిన లారీని తుక్కుకు అమ్మినప్పుడు ఆ కొలతలు కూడా తుక్కులోకే పోతాయి. అందువల్ల అటువంటి లారీ ఒకటి ఎదురైతే యజమాని అనుమతి తీసుకొని, టేపుతో కొలిచి, కాగితంపై గీసి పెట్టుకోవాలి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక అడుగుబద్ద నిలబెడితే, తరువాత ఏ భాగమైనా ఆ బద్దతో పోల్చి లెక్కకట్టవచ్చు.

కొలత చేతికి వచ్చిన తరువాత నిర్మాణం కష్టం కాదు. రెండు మిల్లీమీటర్ల అగ్గిపుల్ల 1/25 లెక్కలో అయిదు సెంటీమీటర్ల దూలం. క్యాబిను కొయ్యచట్రానికి అది చక్కగా సరిపోతుంది. తొట్టిపక్కల పలకలకు ఈనె కనబడని మెత్తని కొయ్య కావాలి. కర్రను ఎంత చిన్నదిగా కోసినా దాని ఈనె చిన్నది కాదు. అసలు కొయ్యనే వాడినా నమూనాలో అది దొంగకొయ్యలా కనిపించడానికి కారణం ఇదే. కొండపల్లి బొమ్మలు చేసేవారు వాడే తెల్లపొణికి తేలికైన మెత్తని కర్ర. వారు చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసే మక్కుతో కాళ్ళు, చేతులు, చిన్నచిన్న అంగాలు అతికి, సందులు పూడుస్తారు. ప్లాస్టిక్ అతికే ద్రావకం పని తీరు వేరు. అది రెండు భాగాల అంచులను కరిగించి ఒకటిగా కలుపుతుంది. కొయ్యను ప్లాస్టిక్‌కు అతకడానికి మాత్రం అది పనికిరాదు. అక్కడ వేరే జిగురు కావాలి.

రంగు వేయడంతో పని ముగిసిందని చాలామంది అనుకుంటారు. రోడ్డు వేసే రంగు ఇంకా మిగిలే ఉంటుంది. విదేశీ పుస్తకాలు మడ్‌గార్డుల కింద ఎర్రమట్టి పూయమంటాయి. డెల్టా నల్లరేగడి ఎండితే బూడిదరంగుకు వస్తుంది. గుడివాడ లారీకి ఎర్రమట్టి పూస్తే అది మరే ఊరి లారీయో అవుతుంది. కైకలూరు, ముదినేపల్లి చెరువుల చేపలను మంచుతో నింపి కోల్‌కతా వైపు తీసుకుపోయే లారీలకు వెనుకతలుపు కింద నీరు కారిన చారలు ఉంటాయి. దివిసీమలో ఉప్పుగాలికి నిలబడిన లారీకి తుప్పు ముందుగా పట్టేది రేకు అంచులలోను, చీలల చుట్టూను. అంతటా సమంగా తుప్పురంగు చల్లితే ఆ గాలి అందులో ఉండదు.

చివరిగా నంబరు పలక. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు నేషనల్ పర్మిట్ లారీకి ఎండుటాకు రంగునూ, వెడల్పైన తెల్లని అంచునూ విధించాయి. కృష్ణా జిల్లా వాహనాలకు ‘ఏపీ 16’ అనే సంకేతం ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ వచ్చింది. కొయ్య క్యాబిను కట్టిన పాత లారీకి ‘ఏపీ 39’ అని రాస్తే, చూసేవారిలో ఒక్క క్లీనరు ఉన్నా చాలు, వెంటనే పట్టుకుంటాడు. ఆ పలక నమూనాలో రెండు సెంటీమీటర్ల పొడవు. అక్షరాలు రాయడానికి మూడు వెంట్రుకల కుంచె కావాలి.

అభ్యాసం

1. కిట్‌లోని భాగాలు అసలు వస్తువుకంటె మందంగా ఉండడానికి కారణమేమి? ఒక ఉదాహరణను లెక్కతో వివరించండి.

2. ట్రెయిలర్ లారీలోని ఎర్రగొట్టం తెగితే ఏమి జరుగుతుంది? ఆ ఏర్పాటులోని ప్రయోజనాన్ని తెలపండి.

3. మీ ఊరిలో కొయ్యతొట్టి గల లారీని గాని, ఎడ్లబండిని గాని పరిశీలించి, పది కొలతలు తీసుకొని, వాటిని 1/25 పరిమాణంలోకి మార్చి రాయండి.