సముద్రం లేని సవన్నా దేశం బుర్కినా ఫాసో: వాళ్ల వాన లెక్క మన మెట్ట రైతుకు ఏం చెబుతుంది?

పై వీడియోలో మ్యాపు పెట్టి చెప్పిన పాఠాన్ని, నింపాదిగా చదువుకునేవాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. వేరే దేశం భూగోళం మనకెందుకు అనుకోకండి. ఒక పద్ధతి ఏ వానకు పుట్టిందో తెలుసుకోకుండా దాన్ని మన పొలంలోకి తెచ్చుకుంటే, పోయేది మన సీజనే.

దేశం ఎక్కడుంది, ఎంత ఉంది?

బుర్కినా ఫాసో పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. 1984 వరకు దాని పేరు అప్పర్ వోల్టా. విస్తీర్ణం సుమారు 2,74,200 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2,75,045. అంటే ఇంచుమించు అంతే! చుట్టూ మాలి, నైజర్, బెనిన్, టోగో, ఘనా, ఐవరీ కోస్ట్ అని ఆరు దేశాలు. సముద్రం ఏ వైపూ లేదు. రాజధాని వాగడూగూ నుంచి తీరానికి వెళ్లాలంటే 700 కిలోమీటర్ల పైనే.

నేల చాలా వరకు చదును. పెద్ద కొండలు లేవు, అత్యంత ఎత్తైన శిఖరం కూడా 750 మీటర్ల లోపే. కాబట్టి మేఘాన్ని ఆపి వాన కురిపించే కొండవరస లేదు.

సవన్నా అంటే?

గడ్డినేల, మధ్య మధ్య దూరం దూరంగా చెట్లు. ఏడాదిలో ఒక తడి కాలం, ఒక పొడవాటి పొడి కాలం. శీతోష్ణస్థితి పుస్తకాల్లో మన విశాఖపట్నం కూడా ఈ ఉష్ణమండల సవన్నా తరగతిలోనే ఉంటుంది. మరి తేడా ఎక్కడ?

- మనకు నైరుతి వెళ్లాక అక్టోబరు, నవంబరులో తిరుగు రుతుపవనం, వాయుగుండాల వానలు ఉంటాయి. వాళ్లకు రెండో వాన లేదు. ఉత్తరాన మూడు నాలుగు నెలలు, దక్షిణాన ఐదారు నెలలు. సెప్టెంబరు, అక్టోబరు దాటితే మళ్లీ మే, జూన్ దాకా ఆకాశం వైపు చూడక్కర్లేదు.
- కూర్మన్నపాలెంలో వేసవిలో కూడా చొక్కా తడిసిపోతుంది. అది సముద్రం ఇచ్చే తేమ. అక్కడ చలికాలంలో సహారా ఎడారి నుంచి హర్మటాన్ అనే పొడిగాలి దుమ్ముతో వీస్తుంది. నేలలో మిగిలిన తడిని అది లాగేస్తుంది.
- మార్చి నుంచి మే వరకు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

వాన ఉత్తరాన డోరి వైపు 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, వాగడూగూలో 700 నుంచి 800, నైరుతి మూల బోబో-డియులాసో వైపు 1,000కి అటూ ఇటూ. మన అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉండి సుమారు 550 పొందుతుంది. అంటే వాళ్ల ఉత్తర ప్రాంతం మన అనంతపురం లాంటిదే. పంటలు కూడా మనవే: జొన్న, సజ్జ (మన ఉత్తరాంధ్రలో గంటెలు), బొబ్బర్లు, వేరుశనగ, నువ్వులు.

వాన తక్కువా? నేల మూసుకుపోయిందా?

ఒక ఎకరంపై 1 మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 600 మిల్లీమీటర్లంటే ఎకరాకు 24 లక్షల లీటర్ల పైమాటే! ఇంత నీరు పడినా పంట ఎండుతోందంటే, పడిన నీరు నేలలోకి దిగలేదన్నమాట.

అక్కడి వాన ఈదురుగాలితో వచ్చి, తక్కువ సేపట్లో గట్టిగా కొట్టి వెళ్లిపోతుంది. కప్పు లేని నేలపై చినుకు దెబ్బకు సన్నని మట్టి రేణువులు రంధ్రాల్లో కూరుకుపోయి పైన పెచ్చు కడుతుంది. ఇక ఆ తర్వాత పడిన వాన జారిపోతుంది. 1970లు, 80లలో వచ్చిన కరువుల్లో యతెంగా ప్రాంతంలో ఇలా మూసుకుపోయిన భూములు వదిలేసి ఎంతోమంది వలసపోయారు.

జాయ్ గుంతలు

యతెంగాలోనే గూర్గా అనే ఊరి రైతు యాకూబా సవడోగో వలస పోలేదు. పెద్దల నాటి 'జాయ్' పద్ధతిని మెరుగుపరిచాడు. ఊళ్లో పిచ్చివాడన్నారు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2023 డిసెంబరులో కన్నుమూశారు. పద్ధతి ఇదీ:

1. పొడి కాలంలోనే గుంతలు తవ్వాలి. వెడల్పు 20 నుంచి 40 సెంటీమీటర్లు, లోతు 10 నుంచి 20. గుంతకీ గుంతకీ 60 నుంచి 80 సెంటీమీటర్లు.
2. తీసిన మట్టిని వాలు దిగువ వైపు చిన్న గట్టులా పెట్టాలి.
3. గుంతలో ఒకటి రెండు గుప్పిళ్లు పశువుల ఎరువు వేయాలి. దానికోసం చెదలు వస్తాయి, వచ్చి గట్టినేలలో సొరంగాలు చేస్తాయి. నీళ్లు లోపలికి దిగే దారి అదే.
4. తొలి వానకు విత్తనం పెట్టాలి. గుంతల మధ్య గట్టినేల మీద జారిన నీళ్లు కూడా గుంతలోకే వస్తాయి.

ఎరువులో ఉన్న చెట్ల విత్తనాలు కూడా మొలిచాయి. ఆయన వాటిని పీకలేదు, కాపాడాడు. బీడు కాస్తా అడవి అయింది.

దీనికి తోడు వాలుకు అడ్డంగా, సమమట్టం మీద రాతి వరసలు పేర్చుతారు. మట్టం చూడటానికి మన తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబే వాడతారు.

మనం ఏది తీసుకోవాలి, ఏది వద్దు?

జాయ్ గుంత 300 నుంచి 800 మిల్లీమీటర్ల వానకు, పెచ్చు కట్టిన గట్టినేలకు పుట్టింది. అనంతపురం, సత్యసాయి జిల్లాల బీడు ఎర్రనేలల్లో ప్రయత్నించవచ్చు. అక్కడ పశువుల ఎరువుతో పాటు గుప్పెడు ఘనజీవామృతం వేసుకోవచ్చు. కూలీ ఖర్చు ఎక్కువ కాబట్టి ముందు పది సెంట్లలో చేసి చూడండి.

మన ఉత్తరాంధ్రలో వాన 1,000 మిల్లీమీటర్ల దరిదాపు. ఇక్కడ ఆ గుంతల్లో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. నల్లరేగడిలో అసలే వద్దు. మనకున్న బలం గాలిలో తేమ, వేసవి జల్లులు. దానికి తగ్గ పద్ధతి వానకు ముందే పొడి నేలలో విత్తడం. బీజామృతం, బంకమట్టి, ఘనజీవామృతం పట్టించిన రకరకాల విత్తనాలను ఏప్రిల్, మే నెలల్లో చల్లి, పైన ఆచ్ఛాదన వేయడం. పొడవాటి పొడి కాలం, పొడిగాలి ఉండే చోట ఇది కుదరడం కష్టం. వాళ్ల గుంత మనకు కుదరనట్టే, మన పద్ధతి వాళ్లకు కుదరకపోవచ్చు. కానీ రెండింటి వెనక సూత్రం ఒకటే: నేలను తెరిచి ఉంచు, కప్పి ఉంచు, పడిన చినుకును పడిన చోటే దించు.

ఈ వారం పని

ఈసారి మంచి వాన పడ్డ మర్నాడు పొలంలో మూడు చోట్ల గునపంతో తవ్వండి: ఆచ్ఛాదన ఉన్న చోట, ఖాళీ నేల మీద, గట్టు పక్కన. తడి ఎన్ని అంగుళాలు దిగిందో కొలిచి నోటుపుస్తకంలో రాయండి. మీ ఊరి వాన ఎంతో వాతావరణ శాఖ చెబుతుంది. మీ పొలం తాగింది ఎంతో ఆ గునపమే చెప్పాలి. మీ లెక్కలు, నేల రకంతో సహా, వీడియో కింద రాయండి. వచ్చే పాఠంలో వాటినే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.