బెర్లిన్‌లో చదువు, గిజిగాడి గూటి దగ్గర ఉద్యోగం

ఎం.ఎస్. కోసం ఫారిన్ వెళ్లాలన్నది మనలో చాలామంది ప్లాన్. అక్కడ నేర్చుకున్నది ఎంతకాలం మనతో ఉంటుంది? కంప్యూటర్లతో ఏ సంబంధమూ లేని సలీం అలీ జీవితంలో దీనికి మంచి సమాధానం ఉంది.

1896లో బొంబాయిలో పుట్టిన ఆయనకి పక్షులంటే చిన్నప్పటి నుంచే ఇష్టం. కానీ యూనివర్సిటీ డిగ్రీ లేదు. అందుకే జూలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేస్తూ, 1920ల చివర్లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

అప్పట్లో మన దేశంలో పక్షిశాస్త్రం అంటే ఎక్కువగా పక్షిని కాల్చడం, చర్మాన్ని భద్రపరచడం, పేరు పెట్టడం. బ్రతికున్న పక్షి ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో గమనించడం కూడా శాస్త్రమేనని స్ట్రెసెమాన్ నమ్మేవారు. హెలిగోలాండ్ దీవిలో పక్షుల కాళ్లకి నంబరున్న రింగులు తొడిగి వదిలే పద్ధతిని కూడా సలీం అలీ నేర్చుకున్నారు. అంటే ప్రతి పక్షికీ ఒక యూనిక్ ఐడీ. మళ్లీ ఎక్కడైనా దొరికితే దాని ప్రయాణం తెలుస్తుంది.

1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఆయన పోస్టే తీసేశారు! ఆయన బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రతీర గ్రామానికి మారారు. అక్కడ గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే రోజుల తరబడి చూశారు. మగ పక్షి గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడ పక్షి వచ్చి చూసి, నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది. తర్వాత ఆ మగ పక్షి ఇంకో ఆడ పక్షి కోసం మరో గూడు మొదలుపెడుతుంది. మన పొలాల్లో అందరూ చూసే పిట్టే, కానీ అలా కూర్చుని చూసినవాళ్లు తక్కువ.

1931-32లో ఆయన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆ తర్వాత కూడా ఆగలేదు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని వెతికింది ఆయన జీవితమంతా పనిచేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీయే. అప్పటికి ఆయన వయసు 89.

బెర్లిన్ ఆయనకి ఉద్యోగం ఇవ్వలేదు, చూసే పద్ధతి ఇచ్చింది. ఇష్టం ముందే ఉంది, ఈ పద్ధతి వల్ల అది చివరిదాకా నిలిచింది.

మీరూ ట్రై చేయండి. క్యాంపస్‌లో ఒక గోరింకని ఎంచుకోండి. వారం పాటు రోజూ పావుగంట చూసి, టైము, చోటు, అది చేసిన పని రాసుకోండి. ఏడో రోజుకి మీ దగ్గర కనీసం ఒక కొత్త ప్రశ్న ఉంటుంది.