వంతెన కట్టే ఆట – ఆడినవారి మాట

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమన్నప్పుడు, కంప్యూటర్ ఆట గురించి రాస్తానని చెబితే నవ్వినవారే ఎక్కువ. కానీ పోయిన ఏడాది పరీక్షలు అయ్యాక వారం రోజులపాటు మన భోజనాల హాల్లో జరిగిన వాదన అంతా ఆ ఆట మీదనే. ఆ వాదనలో సగం ఇంటర్ ఫిజిక్స్, మిగతా సగం ఏ పుస్తకంలోనూ లేనిది. కనుక దీనిని పాఠంగానే చదవవలసిందిగా మనవి.

ఆట పేరు పాలీ బ్రిడ్జ్. న్యూజిలాండ్‌కు చెందిన డ్రై కాక్టస్ అనే చిన్న సంస్థ దీనిని తయారుచేసింది. పూర్తి రూపంలో 2016లో వచ్చింది. రెండో భాగం 2020లో, మూడో భాగం 2023లో వెలువడ్డాయి. ఇలాంటి ఆటలు కొత్తవేమీ కావు. 2000 సంవత్సరంలోనే బ్రిడ్జ్ బిల్డర్ అనే ఆట ఉండేది. నెట్ సెంటర్ల కాలంలో చదివిన మన సీనియర్లలో కొందరు దానిని ఆడే ఉంటారు.

ఆడే పద్ధతి తేలిక. రెండు ఒడ్లు, మధ్యలో నీళ్లు, చేతిలో ఇంత డబ్బు. రోడ్డు ముక్కలు, కర్ర, ఉక్కు, తాడు, కేబుల్ కలిపి వంతెన కట్టి మీట నొక్కితే బండ్లు బయలుదేరతాయి. ఏ కడ్డీ మీద ఎంత బలం పడుతుందో రంగులో కనబడుతుంది. పచ్చగా ఉంటే భయం లేదు, ఎర్రబడితే తెగడానికి సిద్ధం. ఇవి చాలవనుకుంటే శాండ్‌బాక్స్ ఉంది. అందులో నదీ మనదే, ఒడ్డూ మనదే, డబ్బు లెక్కా మనదే.

ఆడినవారి అభిప్రాయాలు రెండు పక్షాలుగా చీలాయి. మొదటి పక్షం పొదుపు పక్షం. ఎంత తక్కువ ఖర్చులో లారీ అవతలి ఒడ్డుకు చేరితే అంత గొప్ప. లారీ దాటిన మరుక్షణం వంతెన కూలినా వారికి చింత లేదు, పైగా చప్పట్లు. ప్రపంచమంతటా ఈ ఆట ఆడేవారిలో ఇలాంటి కూలబోయే వంతెనలను వీడియోలు తీసి పంచుకునేవారు చాలామంది. రెండవ పక్షం వారికి వంతెన చూడ్డానికి వంతెనలా ఉండాలి, ఒక్క కడ్డీ కూడా ఎర్రబడకూడదు. వీరి ఫిర్యాదు ఏమంటే, బడ్జెట్ పెట్టి ఆట మనిషికి పిసినారితనం నేర్పుతుందని. మొదటి భాగం ఆడినవారికి ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. ఒకసారి నిలిచిన వంతెన మరోసారి అదే బండికి కూలేది. రెండో భాగానికి వంతెనల కోసమే ప్రత్యేకంగా ఫిజిక్స్ ఇంజన్ రాసుకున్నారు.

పొదుపు పక్షం వారు ఎక్కడ దెబ్బ తింటారో లెక్క వేసి చూద్దాం. రెండు వాలు కడ్డీలు పైన కలిశాయి, ఆ కొనమీద 100 కిలోల బరువు ఉంది. కడ్డీలు నేలతో 45 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద నొక్కుడు సుమారు 71 కిలోలు. 30 డిగ్రీలకు దించితే 100 కిలోలు. ఖర్చు తగ్గుతుందని ఇంకా దించి 10 డిగ్రీలు చేశామా, 288 కిలోలు! బరువు మారలేదు, కోణమే మారింది. సూత్రం ఇంతే: బరువును కోణపు సైన్ విలువకు రెట్టింపుతో భాగించాలి. కింద రెండు కొసలను కలిపే కడ్డీ మీద లాగుడు కూడా ఇలాగే పెరుగుతుంది. బోర్డు మీద ఈ లెక్క నేను పదిసార్లు చేసి ఉంటాను. చదునుగా కట్టిన వంతెన కళ్ల ముందు ఎర్రబడినప్పుడే అది నాకు ఎక్కింది.

వాదన ఇక్కడితో ఆగేది. కానీ ఒక తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. “అన్నా, ఆటల అన్నీ త్రిభుజాలే. మరి మన అశోక్ నగర్ స్టీల్ బ్రిడ్జికి త్రిభుజాలు ఏవి?”

ఇందిరా పార్కు నుండి అశోక్ నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వి.ఎస్.టి. దాకా సాగే ఆ వంతెన మనకు రోజూ కనబడేదే. నారాయణగూడ నుండి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి, అక్కడి నుండి అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు తిరిగే మనకు దాని నీడే దారి. పొడవు రెండు కిలోమీటర్లకు పైనే, పట్టిన ఉక్కు సుమారు 12 వేల టన్నులు. 2020లో శంకుస్థాపన జరిగి 2023 ఆగస్టు 19న ప్రారంభమైంది. కార్మిక నాయకుడు, మాజీ హోం మంత్రి నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు.

తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇది. మన వంతెనలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కనుక గర్డర్లు చాలు. బరువు పడ్డప్పుడు గర్డర్ పైఅంచు నొక్కుకుంటుంది, కిందిఅంచు సాగుతుంది, మధ్య పలక ఆ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. స్తంభాల మధ్య దూరం ఎక్కువైతే ఆ మధ్య పలక బరువే భారమవుతుంది. దానిని తీసేసి త్రిభుజాలు పెడితే ట్రస్ అయింది. రాజమండ్రిలో గోదావరి మీద 1900లో వచ్చిన పాత రైలు వంతెనలో చూడవచ్చు.

ఇక పుస్తకంలో లేని సంగతి. మా నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు. సెలవుల్లో ఫోనులో ఆ ఆట వీడియో చూపించాను. లారీ దాటింది. నాన్న అడిగింది ఒకటే.

“మంచిగున్నది బిడ్డా. మరి కట్టేటప్పుడు కింద ఏం పెట్టిన్రు?”

ఏమీ పెట్టలేదు. ఆటలో వంతెన కట్టడం అంటూ ఉండదు, గీయడమే ఉంటుంది. మీట నొక్కేసరికి మొత్తం ఒకేసారి నిలబడి ఉంటుంది. సగం కట్టిన వంతెన, దాని మీద నిలబడ్డ మనిషి ఆటలో లేరు. రెండు పక్షాలూ వారం రోజులు వాదించుకున్నాం గాని ఈ మాట ఎవరికీ తట్టలేదు.

నిజంలో ప్రమాదమంతా అక్కడే. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద క్యూబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కట్టుబడిలో ఉండగానే కూలింది. 75 మంది కార్మికులు చనిపోయారు. డిజైన్లో మధ్య దూరాన్ని 1600 అడుగుల నుండి 1800 అడుగులకు పెంచారు గాని, పెరిగిన ఉక్కు బరువును మళ్లీ సరిగా లెక్కించలేదు. కింది కడ్డీలు వంగుతున్నాయని అంతకు కొన్ని రోజుల ముందే గమనించారు, పని మాత్రం ఆగలేదు. ఆటలో కడ్డీ వంగదు, రంగు మారి తెగుతుంది. నిజం కడ్డీ నొక్కుడుకు ముందు పక్కకు వంగుతుంది. పొడవు రెట్టింపైతే అది ఓర్చుకునే బలం నాలుగో వంతుకు పడిపోతుందని ఆయిలర్ 18వ శతాబ్దంలోనే చెప్పాడు. మన నగరంలో పంజాగుట్ట ఫ్లైఓవర్ కూడా 2007 సెప్టెంబరు 9న, ఇంకా నిర్మాణంలో ఉండగానే, ఒక భాగం కూలి ప్రాణాలు తీసింది.

హాస్టలుకు తిరిగి వచ్చాక నాన్న ప్రశ్నను మిత్రుల ముందు పెట్టాను. పొదుపు పక్షం వారు ఆట ఆటేనన్నారు. ఆ ప్రశ్న వేసిన తమ్ముడు మాత్రం శాండ్‌బాక్స్ తెరిచాడు. బాగా నిలిచిన పాత వంతెననే తీసుకుని, ఒక ఒడ్డు నుండి ఒక్కో గడి కట్టడం, ప్రతి గడికీ మీట నొక్కి చూడడం, ఇదీ వాడి పద్ధతి. మీరూ చేసి చూడండి, ల్యాప్‌టాప్ పాతదైనా చాలు. మొదటి గడి నిలిచింది. రెండవదానికి ఒడ్డు దగ్గరి పై కడ్డీ ఎర్రబడింది. మూడవదానికి, బండి ఇంకా ఎక్కకముందే, తన బరువుకు తానే నీళ్లలో పడింది. నది మధ్యలో తాత్కాలికంగా ఒక ఆధారం పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అవతలి ఒడ్డు చేరింది. ఆ ఆధారం ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలక రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాం.