జాగ్రత్తలు చెప్పితే జనులు ఎందుకు వినరు?
(అధ్యయన పాఠము)



ఈ నెల అధ్యయనము కొరకు ఒక ప్రశ్న తీసుకొంటున్నాము. అంటురోగము వచ్చినప్పుడు దూరముగా ఉండండి, మాస్కు పెట్టుకోండి, టీకా వేయించుకోండి అని చెప్పితే కొందరు వెంటనే చేస్తారు. మరికొందరు ఎందుకు చేయరు? వినని వారిని మొండివారు, తెలివిలేనివారు అని తోసివేయుట సులభము. గాని ట్రైనింగు కళాశాలలో మాకు మొదట నేర్పిన సంగతి ఒకటున్నది. తరగతిలో సగము మందికి పాఠము రాకపోతే, పిల్లలను కొట్టక ముందు ఉపాధ్యాయుడు తాను చెప్పిన తీరును పరీక్షించుకోవలెను. ఆ లెక్కనే ఈ విషయమును చూద్దాము.

1. పూనాలో జరిగినది

మనము తరతరములుగా కాపురమున్న ఈ పూనా నగరములోనే ఇందుకు గొప్ప ఉదాహరణ ఉన్నది. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలలలో పూనాకు పాకింది. ప్రభుత్వము 1897 ఫిబ్రవరి 4న అంటురోగముల చట్టము చేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రములు బయటికి తీసినది ఈ చట్టమునే.

పూనా ప్లేగు కమిటీకి ర్యాండ్ అనే అధికారిని పెద్దగా నియమించారు. మార్చి నుండి మే వరకు ఎనిమిది వందలకు పైగా సైనికులు, అధికారులు వీధి వీధి గాలించారు. రోగిని ఆసుపత్రికి, ఇంటివారిని శిబిరమునకు తరలించారు. సామాను కాల్చారు, గోడలకు సున్నము కొట్టారు. ఉద్దేశము ప్రాణములు కాపాడుటయే. గాని సైనికులు బూట్లతో వంటయిండ్లలోకి, దేవుని గదులలోకి వెళ్లారు. స్త్రీలను పరాయి మగవారు పరీక్షించుట జనులకు భరించరాని అవమానమైనది.

ఫలితమేమి? జనులు రోగులను దాచారు. శవములను దాచారు. ఊరు విడిచి పారిపోయారు, వారితో రోగము కూడ ప్రయాణము చేసింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను తుపాకితో కాల్చారు. జూలై 3న ఆయన మరణించాడు. హత్యను ఎవరును సమర్థించలేము. గాని ప్రజల మనస్సు ఎంతగా విరిగిపోయినదో దీని వలన తెలుస్తున్నది.

ఒక సంగతి గమనించండి. అభ్యంతరము చెప్పిన వారందరు ఆరోగ్యమునకు శత్రువులు కారు. పండిత రమాబాయి గారు ప్లేగు ఆసుపత్రిలో, శిబిరములలో స్త్రీలకు జరుగుతున్న దానిని గూర్చి అదే సంవత్సరము పత్రికకు ఉత్తరము వ్రాశారు. తిలక్ గారు అధికారుల తీరును ఖండించారు, అయినను ఊరు విడిచి పోలేదు, హిందువుల కొరకు ప్లేగు ఆసుపత్రి నడిపించారు. సావిత్రీబాయి ఫూలే గారు రోగులకు సేవ చేస్తూ తామే ప్లేగు సోకి 1897 మార్చి 10న మరణించారు. వీరి మాటను పేదలు విన్నారంటే ఆశ్చర్యము లేదు. వీరు పక్కన నిలిచి చెప్పినవారు.

2. జనులు మనస్సులో వేసుకొనే ప్రశ్నలు

1950ల కాలములో అమెరికాలో క్షయరోగము కనుగొనుటకు ఎక్స్‌రే బండ్లను పేటలలోకే పంపించారు. డబ్బు తీసుకోలేదు. అయినను అనేకులు రాలేదు. ఎందుకు రాలేదని ఆరోగ్యశాఖలోని మనస్తత్వ శాస్త్రజ్ఞులు విచారించారు. వారు తేల్చిన దానిని మన మాటలలో నాలుగు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చును.

మొదటిది: ఈ రోగము నాకు వస్తుందా? 2020లో మన యౌవనస్థులు ఇది ముసలివారి రోగమన్నారు.
రెండవది: వస్తే ప్రమాదమా? జలుబు వంటిదేనని అనుకొన్నవాడు మాస్కు జేబులో పెట్టుకొంటాడు.
మూడవది: ఈ జాగ్రత్త పని చేస్తుందా?
నాలుగవది: ఇది చేయుటకు నాకు కలిగే నష్టమెంత? కూలి పోతుందా, పరువు పోతుందా, ఇంటివారికి దూరము కావలెనా?

పూనా అనుభవమును బట్టి మేము ఐదవది చేర్చుచున్నాము: చెప్పేవాడు ఎవడు? వాడు నా మేలు కోరినవాడేనా?

ఈ ఐదింటిలో ఏ ఒక్కదానికి జవాబు సరిగా లేకపోయినను జాగ్రత్త ఆగిపోతుంది. గనుక వినని వారందరికి ఒకే కారణము అంటగట్టకూడదు.

3. శాస్త్రము మాట మార్చినప్పుడు

చాలామందిని తడబడజేసినది మూడవ ప్రశ్న. 2020 ఆరంభములో సామాన్యులందరికి మాస్కు అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, జూన్ నెలలో పెట్టుకోవలెనని చెప్పింది. మన పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన కోవిషీల్డ్ టీకాకు రెండు మోతాదుల మధ్య మొదట 4 నుండి 6 వారములన్నారు, 2021 మార్చిలో 6 నుండి 8 అన్నారు, మేలో 12 నుండి 16 అన్నారు. వీరికే తెలియదని కొందరు నవ్వారు.

ప్లేగు చరిత్ర చూడండి. 1897లో పూనాలో సైనికులు నేలలు, గోడలు కడిగిస్తున్నప్పుడు, ఎలుకల ఒంటి మీది చిన్న పురుగు కుట్టుట వలన ప్లేగు వస్తుందని ఎవరికిని రుజువు కాలేదు. 1898లో కరాచీలో సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు దానిని కనుగొన్నాడు. ఆయన మాటను ఒప్పుకొనుటకు తోటి వైద్యులకే సంవత్సరములు పట్టింది. తెలిసినంత మట్టుకు చెప్పి, ఎక్కువ తెలిసినప్పుడు దిద్దుకొనుట మోసము కాదు. అయితే ఎందుకు దిద్దుతున్నామో చెప్పకుండ మార్చితే నమ్మకము పోతుంది.

హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందుగా తన ఒంటికే వేయించుకొన్నాడు. తరువాతనే ఇతరులకు వేశాడు. అయినను 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామములో ఒక సీసాలోని టీకా పాడై 19 మంది ధనుర్వాతముతో చనిపోయారు. ఆయన దోషము లేదని తేలుటకు 1907 వరకు పట్టింది. నమ్మకము కట్టుటకు ఎంత కాలము పడుతుందో, కూలుటకు ఎంత తక్కువ చాలునో ఇందులో కనబడుతున్నది.

4. మేము చేసిన తప్పు

ఇతరుల తప్పులే వ్రాసి ఊరకుంటే ఈ పాఠము అసంపూర్ణము. 2021 ఏప్రిల్‌లో మన రాష్ట్రములో ఆరాధన స్థలములు మరల మూసినప్పుడు, మా సంఘములో ఫోను మీద ప్రార్థన కూడిక జరిపేవారము. జ్వరము వచ్చిన వారి పేర్లను పెద్దలమైన మేమే ఒక్కొక్కటి చదివేవారము. ప్రార్థన కొరకే చదివాము. గాని మరునాటికి ఆ పేర్లు వాడ అంతటికి తెలిసేవి. ఒక ఇంటి వారిని కుళాయి దగ్గరకు రానీయలేదు. పాలవాడు గుమ్మము తొక్కలేదు.

అటు తరువాత పేర్లు వచ్చుట తగ్గింది. రోగము తగ్గిందని మేము స్తుతించాము. తగ్గలేదు, దాగింది. ఒక ఇంటిలో వృద్ధురాలైన తల్లికి ఆయాసము పెరిగే వరకు ఎవరికిని చెప్పలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైనది. ఆమె నిలువలేదు. ఓదార్చుటకు వెళ్లినప్పుడు కోడలు తలుపు దగ్గర నిలిచి, "పేరు చదువుతారని చెప్పలేదు మాస్టారూ" అన్నది. మా నోట మాట రాలేదు. మేము సైనికులను పంపలేదు, సామాను కాల్చలేదు. అయినను పూనా జనులు 1897లో చేసినదే మా వారు మా వలన చేశారు.

ఆ దినము నుండి పేర్లు చదువుట మానివేశాము. స్త్రీల సమాజములోని ఇద్దరు సహోదరీలు మాత్రమే ఇంటింటికి ఫోను చేసేవారు. బియ్యము, పప్పు గుమ్మము ముందు పెట్టించి వచ్చేవారము. టీకా వేస్తే రెండు రోజులు జ్వరము వస్తుంది, కూలి పోతుంది అని చెప్పిన వారికి ఉపదేశము చేయలేదు, ఆ రెండు రోజుల కూలి సంఘ నిధి నుండి ఇచ్చాము. పెద్దలమందరము ముందుగా వేయించుకొని, భయపడే వారి పక్కన కేంద్రములో కూర్చున్నాము. అందరు రాలేదు. గాని దాచుట ఆగింది.

5. మనకు పాఠము

రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములో నయమాను సంగతి మనకు తెలిసినదే. చెప్పిన వైద్యము సులభము. గాని ప్రవక్త ఎదుటికి రాలేదని, తన దేశపు నదులు తక్కువైనవా అని అతడు కోపముతో తిరిగిపోయాడు. అతనిని మరల్చినది ఆజ్ఞ కాదు, ఎగతాళి కాదు. గౌరవముతో దగ్గరకు వచ్చి మాటలాడిన అతని సేవకులే.

మరల ఏదో ఒక రోగము రావచ్చును. అప్పుడు చెప్పేవారము మనమైతే నిజము చెప్పుదాము, ముందు మనము చేసి చూపుదాము, నష్టములో పాలు పంచుకొందాము, అవతలి వారి పరువు కాపాడుదాము. వినేవారమైతే చెప్పిన వాని మీది కోపమును మందు మీద చూపకుండ ఉందాము.

చర్చకు ప్రశ్నలు
1. 2020, 2021 సంవత్సరములలో మీరు ఒప్పుకొనని జాగ్రత్త ఏది? పై ఐదు ప్రశ్నలలో ఏది అడ్డుపడింది?
2. మీ సంఘములో రోగమును దాచుకొన్న కుటుంబములున్నవా? పేర్లు చెప్పకుండ, కారణములు మాత్రము మాటలాడుకోండి.
3. రేపు జ్వరము వచ్చినవారు భయము లేకుండ చెప్పుకొనుటకు మీ సంఘములో ఎవరున్నారు?